వాడకం ఆగిన రేడియోధార్మిక సోర్సును భద్రపరచడం, తరలించడం, అప్పగించడం

అణు వ్యర్థం అనగానే మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్‌పూర్, రాజురా, గడ్‌చాందూర్ ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగువారికి తారాపూర్, కల్పాక్కం వంటి దూరపు అణు కేంద్రాల పేర్లే గుర్తుకువస్తాయి. ఈ చంద్రపూర్ జిల్లాలో అణు రియాక్టరు లేదన్నది నిజమే. అయితే ఇక్కడ మనవాళ్లు పనిచేసే సిమెంటు, బొగ్గు, విద్యుత్తు, కాగితం పరిశ్రమలన్నీ రేడియోధార్మిక సోర్సులు, అంటే కిరణాలను వెలువరించే పదార్థపు బిళ్లలు, ఉన్న కొలత పరికరాలను (గేజ్‌లను) వాడే పరిశ్రమలే. సిమెంటు ప్రీహీటరులో గొట్టం పూడుకుపోయిందా అన్నది చెప్పే గేజ్‌లోను, బొగ్గు బంకరులో మట్టం చూపే గేజ్‌లోను సాధారణంగా సీజియం-137 లేదా కోబాల్టు-60 ఉంటుంది. కాగితం బరువును కొలిచే గేజ్‌లలో క్రిప్టాన్-85, ప్రొమీథియం-147 వంటివి, బొగ్గులో బూడిద శాతం చెప్పే యంత్రాలలో అమెరీషియం-241, సీజియం-137 జంటగా ఉంటాయి. వెల్డింగు అతుకులను ఫొటో తీసే రేడియోగ్రఫీ కెమెరాలో ఉండేది ఎక్కువగా ఇరిడియం-192.

పనిలో ఉన్న సోర్సు గురించి నాకు పెద్ద బెంగ లేదు. దాని రీడింగు ఆగితే యంత్రం ఆగుతుంది కనుక ఎవరో ఒకరు దాన్ని రోజూ గమనిస్తూనే ఉంటారు. బెంగంతా పని ఆగిపోయిన సోర్సు గురించే. లైను మూతపడుతుంది, కొత్త గేజ్ వస్తుంది, పాతది స్టోరులో ఒక మూలకు చేరుతుంది, దాని సంగతి తెలిసిన ఇంజనీరు బదిలీ అవుతాడు. 2010లో ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారులో జరిగింది అదే. ఒక విశ్వవిద్యాలయంలో 1985 నుంచి వాడకుండా ఉంచిన కోబాల్టు-60 యంత్రం వేలంలో తుక్కు కింద అమ్ముడుపోయింది, దుకాణంలో దాన్ని విప్పదీశారు, ఒక మనిషి ప్రాణం పోయింది, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. 1987లో బ్రెజిల్ దేశపు గొయానియా నగరంలో, ఖాళీ చేసిన వైద్యశాలలో వదిలేసిన సీజియం-137 యంత్రం తుక్కు వ్యాపారి చేతికి చేరి నలుగురిని బలిగొన్నది. ఆ రెండు యంత్రాలకూ యజమానులున్నారు. ఆ యజమానులు వాటిని కనిపెట్టి ఉండడం మానేశారు.

అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నీ ఒక్క పని కోసమే: వాడకం ఆగిన రోజు నుంచి అధికారిక కేంద్రానికి అప్పగించి రసీదు తీసుకునే రోజు వరకు సోర్సు ఎవరి బాధ్యతలో ఉందో ఒక్క పూట కూడా సందేహం రాకుండా చూడటం.

ముందుగా గుర్తించడం

సోర్సు చూడటానికి చిన్న వస్తువు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టంలో సీలు చేసిన వేలెడంత బిళ్ల లేదా గుండు, దాని చుట్టూ సీసం నింపిన ఉక్కు గుల్ల, ఆ గుల్లకు ఒక వైపు కిరణాలు బయటికి వచ్చే రంధ్రం, దాన్ని మూసే షట్టరు ఉంటాయి. పరిమాణానికి మించిన బరువు ఉన్న ఏ ఇనుప గుల్లనైనా అనుమానించాలి. పసుపు రంగు మీద మూడు రెక్కల గుర్తు ఉంటే అనుమానమే అక్కరలేదు. ఆ గుర్తు సామాన్యులకు అర్థం కావడం లేదని 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఎరుపు త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న మరో గుర్తును కూడా తెచ్చింది. అది పెద్ద సోర్సుల లోపలి భాగంలో అతికిస్తారు కనుక, అది కంటపడిందంటే విప్పకూడనిది విప్పుతున్నామని అర్థం. అయితే సిమెంటు దుమ్ము, బొగ్గు మసి పట్టిన పాత గుల్ల మీద ఏ గుర్తూ కనిపించకపోవచ్చు. పైన రంగు వేయించే కాంట్రాక్టరు పేరు పలకను కూడా కలిపి రంగు వేయించడం ఈ పరిశ్రమలలో మామూలే. రంగు పని మొదలయ్యే ముందు ప్రతి గేజ్ పలకకు కాగితం అంటించమని చెప్పడం చిన్న విషయంలా కనిపించినా చాలా ముఖ్యం.

పలక మీద ఐసోటోపు (సీజియం-137 వంటి రేడియోధార్మిక పదార్థం) పేరు, దాని బలం, ఆ బలాన్ని కొలిచిన తేదీ, క్రమసంఖ్య ఉంటాయి. ఈ నాలుగూ నోటు చేసుకుని లెక్క వేయాలి. ఉదాహరణకు పలక మీద సీజియం-137, 100 మిల్లీక్యూరీలు (సోర్సు బలానికి కొలమానం), 1996 అని ఉందనుకుందాం. సీజియం-137 అర్ధ జీవితకాలం, అంటే బలం సగానికి తగ్గే కాలం, దాదాపు 30 సంవత్సరాలు కనుక 2026లో కూడా అందులో 50 మిల్లీక్యూరీలు మిగిలి ఉంటాయి. అది కవచం లేకుండా బయటపడితే మీటరు దూరంలో గంటకు సుమారు 160 మైక్రోసీవర్టుల (శరీరానికి తగిలే రేడియేషన్‌కు కొలమానం) మోతాదు ఉంటుంది. సామాన్య ప్రజలకు సంవత్సరమంతటికీ అనుమతించిన పరిమితి 1 మిల్లీసీవర్టు, అంటే 1000 మైక్రోసీవర్టులు. ఆ పరిమితి ఆరేడు గంటల్లో దాటిపోతుంది. పది సెంటీమీటర్ల దగ్గర ఆ మోతాదు వంద రెట్లు. అందమైన లోహపు బిళ్ల దొరికిందని జేబులో వేసుకున్న మనిషికి ఏమవుతుందో దీన్నిబట్టి ఊహించవచ్చు. పాతది కదా, శక్తి అయిపోయి ఉంటుందిలే అన్న మాట ఇరిడియం-192 విషయంలో కొంతవరకు చెల్లుతుంది, ఎందుకంటే దాని అర్ధ జీవితకాలం 74 రోజులే. కోబాల్టు-60కి అది 5.27 సంవత్సరాలు, అమెరీషియం-241కి 432 సంవత్సరాలు. పేరు చూడకుండా ఆ మాట ఎవరూ అనకూడదు.

గుర్తింపులో మరో సంగతి. పాత ఎక్స్‌రే యంత్రాన్ని చూసి భయపడేవారున్నారు. ఎక్స్‌రే యంత్రంలోను, సీటీ స్కాన్ యంత్రంలోను కిరణాలు పుట్టేది కరెంటుతోనే. తీగ తీసేశాక అందులో రేడియోధార్మికత ఏమీ ఉండదు. భయపడవలసింది క్యాన్సరు చికిత్సకు వాడిన పాత కోబాల్టు యంత్రాన్ని చూసి.

షట్టరు మూయడం, విప్పదీయడం

గేజ్‌ను దాని స్థానం నుంచి దించే పని శిక్షణ పొందిన రేడియేషన్ భద్రతాధికారి దగ్గరుండి చేయించవలసినదే తప్ప ఫిట్టరుకు వదిలేయవలసినది కాదు. మొదట సర్వే మీటరు (రేడియేషన్‌ను కొలిచే పరికరం) బ్యాటరీ చూసుకోవాలి, క్రమాంకనం గడువు దాటలేదని నిర్ధారించుకోవాలి, గేజ్‌కు దూరంగా నిలబడి సహజ నేపథ్యపు రీడింగును రాసుకోవాలి. మన ప్రాంతాలలో అది సాధారణంగా గంటకు 0.1 మైక్రోసీవర్టు చుట్టుపక్కల ఉంటుంది. ఆ తరువాత మీటరును ముందుకు పట్టుకుని ఒక్కొక్క అడుగు వేస్తూ గేజ్‌ను సమీపించాలి. నేరుగా దగ్గరికి వెళ్లి మీటరు ఆన్ చేయడం ప్రమాదకరం, ఎందుకంటే గైగర్ గొట్టం ఉన్న కొన్ని మీటర్లు చాలా ఎక్కువ రేడియేషన్‌లో స్తంభించిపోయి సున్నా చూపగలవు. దూరం నుంచి పెరుగుతూ వచ్చిన రీడింగు హఠాత్తుగా సున్నాకు పడిపోతే వెంటనే వెనక్కి రావాలి.

షట్టరు విషయంలో కంటిని నమ్మకూడదు. ప్రీహీటరు అంతస్తులలో ఏళ్ల తరబడి ఉన్న గేజ్ హ్యాండిలు చుట్టూ సిమెంటు దుమ్ము తేమకు గట్టిపడి రాయిలా మారుతుంది. హ్యాండిలు 'మూసి' అన్న గుర్తు దాకా తిరిగినా, లోపలి కడ్డీ విరిగి ఉంటే షట్టరు తెరిచే ఉండవచ్చు. హ్యాండిలు తిప్పిన తరువాత కిరణాలు వెళ్లే వైపు మీటరు పెట్టి రీడింగు పడిపోయిందని చూసుకున్నాకనే తాళం వేయాలి. పడిపోకపోతే సుత్తితో కొట్టకూడదు, గ్యాస్ కటింగు అసలే చేయకూడదు. ఆ వైపు మనుషులు రాకుండా తాడు కట్టి, సరఫరాదారు సాంకేతిక నిపుణుడిని పిలవాలి. ఉత్పత్తి ఆగినా సరే. షట్‌డౌన్ హడావిడిలో ఇంకో అరగంటలో లైను ఎక్కాలన్న ఒత్తిడి అందరి మీదా ఉంటుంది. ఆ ఒత్తిడికి లొంగకుండా ఉండే అధికారాన్ని యాజమాన్యం భద్రతాధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

గుల్లను దించాక దాని బయటి భాగాన్ని, ముఖ్యంగా షట్టరు అంచులను, పొడవాటి పట్టకారుకు చుట్టిన తడి దూదితో తుడిచి, ఆ దూదిని విడిగా మీటరు దగ్గర పెట్టి చూస్తారు. దూదిలో రేడియోధార్మికత కనిపిస్తే బిళ్ల సీలు చెదిరిందన్నమాట. అప్పుడు అది కేవలం కిరణాల సమస్యగా ఆగదు, అంటుకునే పొడి సమస్య కూడా అవుతుంది. దాన్ని అలాగే మూసి, ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా, అణుశక్తి నియంత్రణ మండలికి వెంటనే తెలియజేయాలి.

నిల్వ గది

వాడకం ఆగిన సోర్సును నెలల తరబడి ఉంచుకోవలసి వస్తుంది కనుక గది మీద పెట్టిన శ్రద్ధ వృథా పోదు. ఇతర సామాను ఉన్న స్టోరులో ఒక బీరువా కేటాయించడం సరిపోదు. విడి గది, ఇటుక లేదా కాంక్రీటు గోడలు, ఒకే తలుపు, రెండు తాళాలు, ఆ తాళం చెవులు ఇద్దరు వేర్వేరు మనుషుల దగ్గర ఉండటం మంచిది. పేలుడు పదార్థాలు, నూనె డబ్బాలు, గ్యాస్ సిలిండర్లు ఆ గదిలోగాని ఆనుకుని ఉన్న గదిలోగాని ఉండకూడదు. బొగ్గు గనులలో పేలుడు మందుల మ్యాగజైను (నిల్వ గది) ఎలాగూ కాపలాలో ఉంది కదా అని సోర్సును అందులోనే పెడదామనే ఆలోచన కొందరికి వస్తుంది. అది పూర్తిగా తప్పు.

వర్ధా, ప్రాణహిత ఒడ్డున ఉన్నవారికి ఇంకో జాగ్రత్త అవసరం. 2022 జులై వరదలు ఈ జిల్లాలలో ఎంత దాకా వచ్చాయో అందరికీ గుర్తుంది. ఆ నీటి మట్టానికి పైన ఉన్న నేల మీదనే గది కట్టాలి, గుల్లను నేలకు బోల్టు చేసి ఉంచాలి.

గది గోడ బయట మనుషులు పనిచేసే చోటు ఉంటే లెక్క ఇలా వేసుకోవచ్చు. సంవత్సరానికి 2000 పని గంటలు ఒక గుమాస్తా ఆ గోడ పక్కనే కూర్చుంటాడనుకుంటే, అతని మోతాదు 1 మిల్లీసీవర్టు దాటకుండా ఉండాలంటే అక్కడ రీడింగు గంటకు అర మైక్రోసీవర్టు దాటకూడదు. దాటితే గుల్లను గోడకు దూరంగా జరపాలి. దూరం రెట్టింపయితే మోతాదు నాలుగో వంతుకు తగ్గుతుంది కనుక గది మధ్యకు జరపడమే చాలాసార్లు సరిపోతుంది. నెలకొకసారి గది తెరిచి, క్రమసంఖ్యను పలక మీద చదివి, రీడింగు తీసి, తేదీతో రిజిస్టరులో సంతకం చేయాలి. తాళం ఉంది కదా అని లోపలికి వెళ్లకుండా సంతకం చేసే అలవాటు ఒకసారి మొదలైతే ఆ రిజిస్టరు ఎందుకూ పనికిరాదు. తలుపు మీద హెచ్చరిక మరాఠీ, హిందీలతో పాటు తెలుగులోనూ రాయించాలి. ఈ కర్మాగారాలలో కాంట్రాక్టు పనికి వచ్చే మనవారిలో చాలామంది తెలుగు ఒక్కటే చదవగలరు.

ఆసుపత్రుల సంగతి వేరు. న్యూక్లియర్ మెడిసిన్ విభాగాలలో వాడే టెక్నీషియం-99ఎం ఆరు గంటలకు, అయోడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతాయి. పది అర్ధ జీవితకాలాలలో ఏదైనా వెయ్యో వంతుకు తగ్గుతుంది కనుక, ఐసోటోపు ప్రకారం విడి సంచులలో తేదీ రాసి, కవచం ఉన్న పెట్టెలో అంతకాలం ఉంచి, మీటరులో నేపథ్యపు రీడింగు తప్ప ఏమీ రానప్పుడు, పసుపు లేబులు తీసేసి మామూలు జీవవైద్య వ్యర్థంలో కలపవచ్చు. అయోడిన్ సంచికి ఇది 80 రోజులు. సీజియం, కోబాల్టు సోర్సులకు ఈ దారి లేదు.

లారీ ఎక్కించే ముందు

అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి లేకుండా సోర్సు గేటు దాటకూడదు. అనుమతికి దరఖాస్తు ఆ మండలి నడిపే ఈ-లోరా పోర్టల్‌లోనే పెట్టాలి. పక్క యూనిట్‌కు ఇచ్చినా, సొంత సంస్థలోని మరో ఊరి శాఖకు పంపినా ఇదే నియమం. వాడేటప్పటి గుల్లనే రవాణా పెట్టెగా ఆమోదించి ఉన్నారో లేదో ఆమోద పత్రంలో చూసుకోవాలి. గేజ్‌లు ఎక్కువగా 'టైప్ ఏ' పెట్టెలలో వెళతాయి. ఆ రకం పెట్టెను నీటి జల్లుకు, 1.2 మీటర్ల ఎత్తు నుంచి పడటానికి, పైన బరువులు పేర్చడానికి తట్టుకునేలా పరీక్షిస్తారు. బలమైన సోర్సులకు 'టైప్ బీ' పెట్టె కావాలి. అది 9 మీటర్ల ఎత్తు నుంచి పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా చెదరకూడదు.

పెట్టె మూశాక రెండు కొలతలు తీయాలి. పెట్టె ఉపరితలం మీద అత్యధిక రీడింగు ఒకటి, మీటరు దూరంలో అత్యధిక రీడింగు మరొకటి. మీటరు దూరపు రీడింగును మిల్లీసీవర్టులలో రాసి వందతో గుణిస్తే వచ్చేది రవాణా సూచిక. మీటరు దూరంలో గంటకు 6 మైక్రోసీవర్టులు, అంటే 0.006 మిల్లీసీవర్టు వచ్చిందనుకుంటే సూచిక 0.6 అవుతుంది. ఉపరితలం మీద 180 మైక్రోసీవర్టులు ఉంటే ఆ పెట్టెకు రెండో తరగతి పసుపు లేబులు వేయాలి, ఎందుకంటే ఆ తరగతికి హద్దు ఉపరితలం మీద 500 మైక్రోసీవర్టులు, సూచిక 1. అంతకు మించితే మూడో తరగతి పసుపు, దానికి హద్దు 2 మిల్లీసీవర్టులు, సూచిక 10. ఉపరితలం మీద 5 మైక్రోసీవర్టులు దాటని పెట్టెకు తెల్ల లేబులు చాలు. లేబుళ్లు రెండు ఎదురెదురు వైపులా ఉండాలి. వాటి మీద ఐసోటోపు పేరు, బలం, సూచిక చెరగని సిరాతో రాయాలి. లారీకి రెండు పక్కలా, వెనుకా హెచ్చరిక పలకలు పెట్టాలి. లారీ బయటి అంచు మీద గంటకు 2 మిల్లీసీవర్టులు, రెండు మీటర్ల దూరంలో 0.1 మిల్లీసీవర్టు దాటకూడదు.

పెట్టెను ట్రక్కు వెనుక భాగంలో, క్యాబిన్‌కు వీలైనంత దూరంగా, గొలుసులతో కట్టాలి. కదిలే పెట్టె ఎంత మంచిదైనా పనికిరాదు. డ్రైవరు, సహాయకుడు తప్ప ఆ బండిలో ఎవరూ ఎక్కకూడదు. ఊరికి వెళ్లే కూలీలను దారిలో ఎక్కించుకోవడం ఇక్కడ సాధారణం కనుక దీన్ని డ్రైవరుకు ప్రత్యేకంగా చెప్పి ఒప్పించాలి. బస్సులో, ఆటోలో, సొంత కారు డిక్కీలో సోర్సును తీసుకువెళ్లడమన్న మాటే లేదు. డ్రైవరు చేతిలో పంపినవారి ప్రకటన, అత్యవసర సూచనల కార్డు, ఫోను నంబర్లు అతను చదవగల భాషలో ఉండాలి. వానాకాలంలో బల్లార్‌పూర్-రాజురా దారిలో వర్ధా వంతెన దగ్గర రాకపోకలు ఆగిపోతుంటాయి. జులై నుంచి సెప్టెంబరు వరకు వీలుంటే ప్రయాణం పెట్టుకోకపోవడం, తప్పనిసరైతే బయలుదేరే ముందు దారి సంగతి కనుక్కోవడం అవసరం.

దారిలో ప్రమాదం జరిగితే గాయపడినవారిని ముందు కాపాడాలి. రేడియేషన్ ఉందన్న భయంతో రక్తం కారుతున్న మనిషిని వదిలేయకూడదు. తరువాత బండి చుట్టూ 30 మీటర్ల దాకా జనాన్ని దూరం జరిపి, మంటలు ఉంటే 300 మీటర్లకు పెంచి, 112కు ఫోను చేసి 'రేడియోధార్మిక పెట్టె ఉంది' అని స్పష్టంగా చెప్పాలి.

అప్పగింత

సోర్సును వదిలించుకోవడానికి చట్టబద్ధమైన దారులు రెండే ఉన్నాయి. తెచ్చిన సరఫరాదారుకు తిరిగి పంపడం ఒకటి, అణుశక్తి విభాగం కింద ఆమోదం పొందిన కేంద్రానికి అప్పగించడం రెండోది. 1987 నాటి రేడియోధార్మిక వ్యర్థాల సురక్షిత తొలగింపు నియమాల ప్రకారం అనుమతి లేకుండా వీటిని ఎవరూ పారవేయకూడదు. విదేశీ గేజ్ కొనేటప్పుడే వాడకం అయ్యాక తిరిగి తీసుకుంటామని సరఫరాదారు నుంచి హామీ పత్రం రాయించుకోవాలి. ఆ ఖర్చును కొనుగోలు రోజునే పక్కన పెట్టాలి. పదిహేనేళ్ల తరువాత ఆ ఖర్చుకు బడ్జెట్ లేదని చెప్పి సోర్సును గదిలోనే ఉంచడం నేను ఎక్కువగా చూసే జబ్బు. మూతపడిన ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని గుంటలో పడేయడం, పొలంలో పాతిపెట్టడం నేరం కూడా, ఘోరం కూడా. ఆ గుంటల నీళ్లే చుట్టుపక్కల ఊళ్లకు పంపవుతుంటాయి.

అప్పగించిన సోర్సు చివరికి వెళ్లేది ట్రాంబే, కల్పాక్కం వంటి చోట్ల భూమి పైపొరలలో కట్టిన కట్టుదిట్టమైన కాంక్రీటు కందకాలలోకి, సుమారు నాలుగు మీటర్ల లోతున్న గొట్టం ఆకారపు గుంతలలోకి. వాటి చుట్టూ తవ్విన బోరుల నీటిని క్రమంగా పరీక్షిస్తూ ఉంటారు. రియాక్టరు ఇంధనం నుంచి వచ్చే అతి తీవ్ర వ్యర్థం ఇందులో కలవదు. దాన్ని బోరోసిలికేట్ గాజులో కరిగించి, ఉక్కు డబ్బాలలో పోసి, తారాపూర్ వంటి చోట గాలితో చల్లబరిచే నిల్వ కట్టడాలలో ఉంచుతారు. అటువంటి గాజు దిమ్మల కోసం భూగర్భంలో లోతైన శాశ్వత స్థలాన్ని మన దేశం ఇంకా కట్టలేదు.

రసీదు చేతికి వచ్చాక ఈ-లోరాలో సోర్సును మీ జాబితా నుంచి తీయించుకోవాలి. ఖాళీ అయిన సీసపు గుల్లను మీటరుతో చూసి, లోపల ఏమీ లేదని నిర్ధారించి, గుర్తులన్నీ చెరిపేయాలి. కొన్ని రేడియోగ్రఫీ కెమెరాలలో కవచంగా వాడేది డిప్లీటెడ్ యురేనియం, అంటే రేడియోధార్మికత కొంత తగ్గిన యురేనియం. అది ఖాళీగా ఉన్నా తుక్కు కాదు, తిరిగి ఇవ్వవలసినదే.

తుక్కు దుకాణంలో కనిపిస్తే

కొలిమిలోకి వెళ్లిన సోర్సు కనిపించకుండా పోతుంది గాని మాయమైపోదు. కోబాల్టు-60 ఉక్కులోనే కరిగి కలిసిపోతుంది. సీజియం-137 ఆవిరై కొలిమి దుమ్ములోకి చేరుతుంది. అమెరీషియం-241 చిట్టెంలో మిగులుతుంది. 2008లో మన దేశపు ఉక్కుతో చేసిన లిఫ్టు బటన్లలో కోబాల్టు-60 ఉన్నట్లు ఫ్రాన్స్‌లో బయటపడింది. ఇనుము కరిగించే యూనిట్లు లారీ కాటా దగ్గరే రేడియేషన్ డిటెక్టరు పెట్టుకోవాలి.

పాత ఇనుప సామాను కొనే అన్నలు, తమ్ముళ్లు డిటెక్టరు కొనలేకపోవచ్చు. వారికి చెప్పేది ఇంతే. చిన్న పరిమాణంలో అనుకోనంత బరువున్నది, సీసంతో నిండినది, షట్టరు లేదా తాళం ఉన్నది, మూడు రెక్కల గుర్తున్నది ఏది వచ్చినా కోయకండి, కొట్టకండి. దాన్ని వచ్చిన చోటే ఉంచి, అందరినీ 30 మీటర్ల అవతలికి పంపి, పోలీసులకు చెప్పండి. అమ్మినవారికి తిరిగి ఇచ్చేయకండి, అలా ఇస్తే అది మరో దుకాణానికి వెళుతుంది.

దాన్ని అప్పటికే పట్టుకున్నవారు ఉంటే వారి పేర్లు, ఎంతసేపు దగ్గరున్నారో, ఏ చేత్తో పట్టుకున్నారో రాసి ఉంచాలి. సీలు చెదరని సోర్సు దగ్గర ఉన్న మనిషి తాను రేడియోధార్మికంగా మారడు, కనుక అతన్ని ముట్టుకోవడానికి, ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఎవరూ భయపడనక్కరలేదు. చర్మం ఎర్రబడటం, పొక్కులు రావడం కొన్ని రోజులకో వారాలకో బయటపడుతుంది కాబట్టి మొదటి రోజు బాగానే ఉన్నా సరే వైద్యుడి దగ్గరికి వెళ్లి, 'రేడియేషన్ సోర్సును పట్టుకున్నాను' అన్న మాటను చీటీలో రాయించుకోవాలి. లేకపోతే ఆ పుండును మామూలు కాలిన గాయంగా భావించి చికిత్స చేసే అవకాశం ఉంది.